అమ్మా అనే ప్రకటన

హోసూరులో పుష్పావతి ముఖం తెలిసినవాళ్ళు తక్కువ. గొంతు తెలియనివాళ్ళు ఇంకా తక్కువ. మార్కెట్లో తల వంచుకుని వంకాయలు ఏరుతున్నంతసేపూ ఆమె అందరిలాంటి మనిషే. "ఏమప్పా, ఇవి లేతవేనా?" అని అడిగిందంటే మాత్రం అంగడివాడు తలెత్తి చూసి, "చీరల ఆటోలో చెప్పేది నువ్వేనా అక్కా?" అని నవ్వేవాడు. కాదనడానికి వీలుండేది కాదు. కాదంటే ఆ కాదన్న గొంతే పట్టిచ్చేది.

ఆ పని ఆమె వెతుక్కుంటే దొరికింది కాదు. వేప్పనపల్లి దగ్గరి పల్లె నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన ఏడాది, భర్త మునిరాజుతో కలిసి చంద్రచూడేశ్వరుడి తేరు చూడబోయింది. జనంలో ఒక పిల్ల తప్పిపోయింది. మైకు దగ్గర ఉన్న వెంకటరమణప్ప అరవంలో అరుస్తున్నాడు. పిల్ల కన్నడంలో ఏడుస్తోంది. పుష్పావతి ఇంట్లో తెలుగు, బడిలో అరవం, పక్కింటివాళ్ళతో కన్నడం. ఉండబట్టలేక మైకు అందుకుని మూడు భాషల్లోనూ నెమ్మదిగా, పక్కన కూర్చున్న మనిషికి చెప్పినట్టు చెప్పింది. చెప్పడం అయ్యేలోపే తల్లి పరిగెత్తుకుంటూ వచ్చింది.

వెంకటరమణప్పది మైకుసెట్టు వ్యాపారం. పెళ్ళిళ్ళకు, జాతరలకు స్పీకర్లు అద్దెకిస్తాడు, అంగళ్ళ తరఫున ఆటోలో ప్రకటనలు తిప్పుతాడు. మరునాడు నేరుగా మునిరాజు ఇంటికి వచ్చాడు.

"మునిరాజప్పా, నువ్వు ఫ్యాక్టరీకి పోయినాక ఆయమ్మ సుమ్మనే ఊరికే ఇంట్లో కూర్చోవడం దేనికి? మా బండికి ఆ గొంతు కావాల" అన్నాడు.

ఆ తరువాత పదేళ్ళు హోసూరు వీధుల్లో ఆమె గొంతు తిరిగింది. ఆటో అంకప్ప తోలేవాడు. ముందు సీట్లో ఇరుక్కుని కూర్చుని పుష్పావతి మైకులో చెప్పేది. ఆడి మాసం తగ్గింపు చీరలు, కొత్తగా పెట్టిన టైపింగ్ స్కూలు, సర్కస్ డేరా. అబద్ధాలు లేవని కాదు. "ఈ దినమే కడపటి దినం" అని నెల పొడుగునా చెప్పిన సందర్భాలున్నాయి. ఆ అబద్ధం చెప్పేవాళ్ళకూ వినేవాళ్ళకూ తెలుసు. ఆడవాళ్ళు గడప దగ్గర నిలబడి, "పుష్పక్కా, ఇంకా కడపటి దినం కాలేదా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. ఆమె మైకులోనే నవ్వేది. ఆటో దూరం నుంచి వస్తున్నట్టు వినిపించేది. కావలసినవాళ్ళు బయటికి వచ్చేవాళ్ళు. వద్దనుకున్నవాళ్ళు అది సందు తిరిగేదాకా ఓర్చుకునేవాళ్ళు. ఎవరి ఇంట్లోకీ అది దూరేది కాదు.

తరువాత ఫ్లెక్సులు వచ్చాయి. ప్రతి కూడలిలో మనుషుల కంటే పెద్ద మొహాలు పళ్ళు బయటపెట్టి నిలబడ్డాయి. ఆటో ప్రకటనలు తగ్గాయి. వెంకటరమణప్పకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. బెంగుళూరులో చదివిన కొడుకు హేమంత్ వ్యాపారం తన చేతిలోకి తీసుకున్నాడు. మైకుసెట్లు ఇంటి వెనక రేకుల షెడ్డులోకి పోయాయి. అంకప్ప ఆటో అమ్మేసి చిన్న లగేజీ బండి కొనుక్కుని టమాటాలు తోలడం మొదలుపెట్టాడు. బాగలూరు రోడ్డులో మేడ మీద గాజు తలుపు, చల్లని గాలి, కంప్యూటర్లతో కొత్త ఆఫీసు తెరుచుకుంది.

హేమంత్ పుష్పావతిని వదులుకోలేదు. ఒకరోజు ఆమెను కూర్చోబెట్టి కంప్యూటర్లో జిల్లా పటం చూపించాడు. పటం నిండా ఎర్రచుక్కలు, పుళ్ళు లేచినట్టు.

"ఇవన్నీ సెల్ టవర్లు అక్కా. ఏ మనిషి ఏ టవర్ కింద ఉండాడో మనకు తెలుస్తుంది. ఆటో ఊరంతా తిరిగి అరవాల్సిన పని లేదు. బర్గూరు కాలేజీ కాడ పిల్లోళ్ళకు వేరే, బస్టాండులో దిగినోళ్ళకు వేరే. మనిషి యాడుంటే ఆడికే మన మాట పోతుంది. నేరుగా చెవిలోకి."

మనుషులను అతను మనుషులు అనేవాడు కాదు. చెవులు అనేవాడు. "ఈ పొద్దు కృష్ణగిరిలో ఎన్ని చెవులు పడినాయి?" అని కంప్యూటర్ దగ్గరి కుర్రవాళ్ళను అడిగేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా పుష్పావతికి తెగిన చెవుల కుప్ప ఏదో కళ్ళముందు కదిలేది.

ఇంకొకసారి, ఆసుపత్రి దగ్గరి టవర్ సంగతి అతను గర్వంగా చెప్పాడు. ఆ టవర్ కింద ఉన్న ఫోన్లన్నింటికీ శవాలను పెట్టే ఫ్రీజర్ పెట్టె అద్దెకు దొరుకుతుందని మెసేజ్ పంపారట. మంచి స్పందన వచ్చిందట.

"బతికుండేవాళ్ళ పక్కన కూర్చున్నోళ్ళకు కూడానా?" అంది పుష్పావతి.

"ముందే తెలిస్తే మంచిదే గదక్కా" అన్నాడు హేమంత్.

ఆ రోజు ఆమె మధ్యాహ్నం అన్నం తినలేకపోయింది. అయినా పని మానలేదు. మానకపోవడానికి కారణం ఆమెకు తెలుసు. గాజుగదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తన గొంతు తనే వింటుంటే, దుమ్ము లేకుండా, ఆటో గడగడ లేకుండా, అది ఎంత బాగుండేదో. ఆ మురిపెం ఆమెను కట్టిపడేసింది.

2008 ఎండాకాలంలో అక్షయ తృతీయ దగ్గరపడింది. కృష్ణగిరిలోని ఒక నగల అంగడి పని హేమంత్‌కు వచ్చింది. వేప్పనపల్లి వైపు టవర్ల కిందంతా తెలుగువాళ్ళే.

"నీ ఊరి యాసలోనే పలకాలక్కా" అని కాగితం చేతిలో పెట్టాడు.

పుష్పావతి చదివింది. అమ్మా, నేనేమ్మా. బాగుండావా? ఎన్నాళ్ళయింది నీతో మాట్లాడి. నా మీద కోపమా? అక్షయ తృతీయకి నాకేం కొనిస్తావు?

ఆ తరువాత సంగీతం, అంగడి పేరు.

"అంగడి పేరు ముందు చెప్పక్కర్లేదా?"

"పేరు చెప్తే ఫోను పెట్టేస్తారు. అమ్మా అంటే ఎవురు పెడతారు?"

మొదటిసారి ఆమె ఎప్పటిలాగా చదివింది. అతను తల అడ్డంగా ఊపాడు. "ప్రకటన మాదిరి ఉంది. మీ అమ్మను పిలిచినట్టు పిలు." ఆమె తల్లి పోయి చాలాకాలమైంది. కళ్ళు మూసుకుని, పొలం గట్టు మీద నిలబడి కేకేసినట్టు, చివర కాస్త సాగదీసి పిలిచింది. గాజు అవతల హేమంత్ బొటనవేలు పైకెత్తి చూపించాడు. బయటికి వచ్చాక పుష్పావతి నీళ్ళు తాగింది. నోట్లో ఏదో జిగురు మిగిలినట్టు అనిపించి మళ్ళీ తాగింది.

అక్షయ తృతీయ పోయిన వారానికి ఒక ఉదయం ఆమె ఆఫీసు మెట్లెక్కి తలుపు తీసేసరికి, నేల మీద ఒక ముసలామె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఖాళీ కుర్చీలున్నా కూర్చోలేదు. కాళ్ళనిండా దుమ్ము. ఒళ్ళో గుడ్డసంచి.

"ఎవురి కోసం వచ్చినావు పెద్దమ్మా?" అంది పుష్పావతి.

ముసలామె గబుక్కున లేచింది. పుష్పావతి ముఖం వంక చూడలేదు. ఆమె భుజం మీదుగా, వెనక మెట్ల వైపు చూసింది.

"రత్నా, ఆడెందుకు నిలబడినావే? లోపలికి రా" అంది.

మెట్ల మీద ఎవరూ లేరు. పుష్పావతి వెనక్కి తిరిగి చూసి, "ఆడ ఎవురూ లేరు పెద్దమ్మా" అంది. ఆ మాటతో ముసలామె చూపు మెల్లగా ఆమె పెదవుల మీదికి వచ్చి ఆగింది. 

"నా బిడ్డ గొంతు నీ కాడ ఎందుకుంది?" అని అడిగింది.

పుష్పావతి ఆమెను కిందికి తీసుకుపోయి టీ అంగడి బల్ల మీద కూర్చోబెట్టింది. తను నోరు తెరిచిన ప్రతిసారీ ముసలామె ముఖంలో ఏదో వెలిగి ఆరిపోతోంది. అందుకని తక్కువ మాట్లాడింది. ముసలామె పేరు మారెమ్మ. వేప్పనపల్లి అవతల పల్లె, గొర్రెలు మేపుకుంటుంది. ఒక్కతే కూతురు మునిరత్న. పెళ్ళి విషయంలో తల్లితో గొడవపడి తిరుప్పూరు బనీన్ల కంపెనీకి పోయింది. పోయేముందు తల్లికి ఫోను కొనిచ్చింది. దీపావళి తరువాత ఒక్కసారి కూడా చేయలేదు. మారెమ్మకు ఫోను ఎత్తడం వచ్చు, చేయడం రాదు.

"ఆ పొద్దు గొర్లకాడ ఉండాను. మోగింది. ఎత్తితే అమ్మా, నేనేమ్మా అనింది. కోపమా అనింది. లేదు తల్లీ, కోపం లేదు, నువ్వు వచ్చేయ్ అని చెప్తానే ఉండాను. అది వినకుండా ఏం కొనిస్తావని అడిగింది. తర్వాత పాట వచ్చింది, అంగడి పేరు చెప్పినారు. అంటే ఆ అంగట్లో ఉంది, ఆడికి రమ్మంటా ఉంది అనుకున్నాను. రెండు గొర్లు అమ్మేసి పోయినాను."

"పోతే?"

"కూర్చోబెట్టి సోడా ఇచ్చినారు. నా బిడ్డ రమ్మనింది, కమ్మలు కావాలంట అంటే చూపించినారు. కొన్నాను. కొన్నాక, బిడ్డ యాడుందప్పా అంటే నవ్వినారు. మెట్ల మీద పొద్దుగూకే దాకా కూర్చున్నాను. ఆడ పనిచేసే ఒక పాప, అది హోసూరు నుంచి వచ్చే ఫోనని చెప్పి ఈ ఆఫీసు పేరు చెప్పింది."

"కమ్మలు కొంటే కూతురు వస్తుందని చెప్పినారా వాళ్ళు?"

"చెప్పలేదు. నేనే అనుకున్నాను. వాళ్ళు కాదనలేదు."

మారెమ్మ సంచిలోంచి చిన్న ఎర్రడబ్బీ తీసి తెరిచి చూపించింది. పుష్పావతి ఆ డబ్బీ మూసి ఆమె చేతిలో పెట్టింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అది యంత్రమనీ, ఆ మాటలు కాగితం మీదివనీ, పిలిచింది తనేననీ. మారెమ్మ తిట్టలేదు. "నీకు అమ్మ లేదా పాపా?" అని మాత్రం అడిగింది. పుష్పావతి ఆమెను కృష్ణగిరి బస్సు ఎక్కించి, తిన్నగా మేడ మీదికి పోయింది.

హేమంత్ అంతా విన్నాడు. మధ్యలో ఒక్క ప్రశ్న వేశాడు.

"కొనిందా?"

"ఏమి?"

"కమ్మలు. కొనిందా లేదా?"

"కొనింది."

అతను కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. చెడ్డ నవ్వేమీ కాదు. పరీక్ష పాసైన పిల్లవాడి నవ్వు. "చూసినావా అక్కా. గొర్లు కాసుకునే ముసలమ్మ, టవర్ కింద ఉండే ఒక్క చెవి, కృష్ణగిరి దాకా పోయి కొనింది. ఏ పేపర్‌లో వేస్తే జరుగుతుందిది? ఏ ఆటోలో అరిస్తే జరుగుతుంది?"

"ఆయమ్మ కమ్మలు కొనడానికి పోలేదు. బిడ్డ కోసం పోయింది."

"ఎందుకు పోతే ఏమక్కా? పోయింది గదా."

పుష్పావతి అతని ముఖం చూసింది. తేరు దగ్గర తను మైకు పట్టుకున్న రోజు ఈ హేమంతే తండ్రి భుజాల మీద కూర్చుని బొరుగులు తింటున్నాడు. అప్పటి బుగ్గలే. వాటిని చూస్తుంటే, అన్నంలో వెంట్రుక కనబడ్డట్టయింది.

"నా గొంతు తీసెయ్ దాంట్లోంచి."

"అదెట్లక్కా? అది కంపెనీది. తమిళంలో, కన్నడంలో కూడా పాత రికార్డింగుల నుంచి ముక్కలు కత్తిరించి అతికిస్తా ఉండాము. నువ్వు ఇంక రాకపోయినా జరుగుతుంది."

అలా ఆమెకు తెలిసింది, తన గొంతు ముక్కలై ఆ కంప్యూటర్లలో పడి ఉందని. ఆటోలో "రండి అమ్మా, చూడండి అమ్మా" అని ఏళ్ళ తరబడి పిలిచిన పిలుపుల్లోంచి అమ్మా అనే మాట ఒక్కటి కోసి తీసుకుంటున్నారని. మెట్లు దిగింది. దిగువ మెట్టు దగ్గర కాలువలోకి వంగి కక్కుకుంది.

వేప్పనపల్లి సంతరోజున ఆమె వెంకటరమణప్ప ఇంటికి పోయింది. పెద్దాయన వసారాలో మంచం మీద ఉన్నాడు. మాట సరిగా రాదు. ఆమె చెప్పిందంతా విని ఎడమచేత్తో షెడ్డు వైపు చూపించాడు. వెంట వచ్చిన అంకప్ప తన లగేజీ బండిని ఇంటి వెనక్కి తెచ్చి, బూజు దులిపి, రెండు స్పీకర్లు, బ్యాటరీ ఎక్కించాడు. టమాటా కంపు కొడుతున్న ఆ బండిలో ఇద్దరూ బయలుదేరారు.

సంతలో జనం కిటకిటలాడుతున్నారు. అంకప్ప బండిని మెల్లగా నడిపించాడు. పుష్పావతి మైకు పట్టుకుంది.

"అమ్మల్లారా, అక్కల్లారా. మీ ఫోన్లో అమ్మా, నేనేమ్మా అని ఒక గొంతు వస్తా ఉంది. ఆ గొంతు నాది. నేను మీ బిడ్డను కాదు. నా పేరు పుష్పావతి. నగల అంగడోళ్ళు చెప్పించినారు, నేను చెప్పినాను. ఎవురూ నమ్మి యాడికీ పోవద్దండి. పెట్టేయండి."

ఒకసారి చెప్పింది. మళ్ళీ చెప్పింది. జనం తలలు తిప్పారు. టమాటాలు అమ్మే ఒకాయన నవ్వుతూ, "ఇది ఏ అంగడి ప్రకటన అక్కా? బాగుంది" అన్నాడు.

"ప్రకటన కాదప్పా."

"అట్లనే చెప్తారు" అన్నాడు అతను.

పుష్పావతి మైకు దించింది. పదేళ్ళు నెలంతా కడపటి దినం అని చెప్పిన నోరు ఇది. ఇప్పుడు నిజం చెబితే ఎవరు నమ్ముతారు? ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు మాత్రం బండి దగ్గరికి వచ్చారు. "మా ఇంట్లో కూడా వచ్చిందమ్మా. మా అత్త ఒక పూటంతా ఏడ్చింది" అంది ఒకామె. ఇంకొకామె, కొడుకు తనకిచ్చిన ఫోను తీసి, అది తన పైట మీదికి పాకి వస్తున్న పురుగన్నట్టు దూరంగా పట్టుకుంది.

మధ్యాహ్నం మారెమ్మ ఇంటికి పోయారు. పుష్పావతి క్షమించమని అడగాలనుకుంది. మారెమ్మ చేట పక్కన పెట్టి చాప వేసి మజ్జిగ ఇచ్చింది. ముగ్గురూ తాగుతుండగా గూట్లో ఫోను మోగింది.

మారెమ్మ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. ఒక్క క్షణం విని, పెదవి విరిచి ఎర్రబొత్తాం నొక్కేసింది.

"నీదే పాపా. అమ్మా, నేను అంటా ఉండావు" అంది పుష్పావతితో. "నువ్వు ఈడే కూర్చోనుండావు, అది ఆడ అరస్తా ఉంది."

ఫోను మళ్ళీ మోగింది. మళ్ళీ నొక్కేసింది. మూడోసారి మోగితే పుష్పావతి చెయ్యి చాచి తీసుకుంది. అవతల బస్సుల చప్పుడు, దగ్గు, దాని వెనక ఒక ఆడపిల్ల గొంతు. బొంగురు గొంతు. ఏ మూలా తన గొంతులా లేదు.

"ఎందుకమ్మా పెట్టేస్తా ఉండావు? నేను రత్నను. నా ఫోను పోయింది, ఇది వేరేవాళ్ళది. ఇంకా కోపమేనా?"

పుష్పావతి నోరు తెరవబోయి మూసుకుంది. తను ఒక్క మాట అన్నా పాడైపోతుందేమోనని భయం వేసింది. ఫోనును మారెమ్మ చెవికి ఆనించి రెండు చేతులతో నొక్కి పట్టుకుంది. "ఇది నేను కాదు" అని పెదవులతో మాత్రం చెప్పింది.

మారెమ్మ వింది. ఆమె ముఖంలో వెలుగు రాలేదు. కళ్ళు చిట్లించి, సంతలో గొర్రె పళ్ళు చూసే మనిషిలా నిదానంగా అడిగింది.

"నా బిడ్డవే అయితే చెప్పు. నీ మోకాలి మీద మచ్చ ఎట్లయింది?"

 అవతల ఆ పిల్ల ఏడుస్తూ చెప్పింది. పొయ్యి, వేడి గంజి, కుక్కపిల్ల, ఏదో. మారెమ్మ చాలలేదన్నట్టు ఇంకొకటి అడిగింది. ఆ తరువాత ఇంకొకటి. తండ్రి పోయిన రోజు ఎవరు వండారో, గుడిసె కాలినప్పుడు ఏమి మిగిలిందో. కూతురు ఒక్కొక్కదానికీ జవాబు చెప్పుకుంటూ వచ్చింది, పోలీసులకు చెప్పినట్టు. అంతా అయ్యాక గానీ మారెమ్మ గోడకు జారబడి, "రత్నా" అనలేదు.

పుష్పావతి బయటికి వచ్చి వేపచెట్టు కింద నిలబడింది. తల్లీకూతుళ్ళు కలిశారు, సంతోషించాలి. కానీ సంతోషం రాలేదు. కడుపున పుట్టిన బిడ్డ అమ్మా అంటే సాక్ష్యం అడిగే స్థితికి ఆ తల్లిని తెచ్చింది ఎవరో ఆమెకు తెలుసు. ఉమ్మి, కాలితో మట్టి కప్పింది.

మునిరత్న ఆ నెలలోనే వచ్చి తల్లిని చూసిపోయిందని అంకప్ప చెప్పాడు. సంతలో జరిగినది నోటినోటా పాకి నగల అంగడివాళ్ళు ఆ ఫోన్లు ఆపించారు. హేమంత్‌కు ఒరిగిన నష్టం ఏమీ లేదు. బెంగుళూరు నుంచి ఇంకొక అమ్మాయి గొంతు తెప్పించుకున్నాడు. అది అమ్మా అనదట. అక్కా అంటుందట.

పుష్పావతి కెలవరపల్లి వైపు ఒక గులాబీ తోటలో పనికి కుదిరింది. ముళ్ళు తీసి, కాడలు కత్తిరించి, డబ్బాల్లో పేర్చే పని. మాట్లాడవలసిన అవసరం లేదు.

ఆ ఏడాది చివర ఒకసారి ఆమె బస్సులో కృష్ణగిరి పోయింది. బస్సు ఊళ్ళోకి తిరిగి ఆసుపత్రి దగ్గరికి రాగానే ముందు సీట్లో ఒక ఫోను కిచకిచమంది. వెనక ఇంకొకటి. తరువాత బస్సంతా, ఒకదాని వెంట ఒకటి. మనుషులు జేబుల్లోంచి, రవికల్లోంచి, సంచుల్లోంచి ఫోన్లు తీసి చూసుకున్నారు. పక్కన బిడ్డను ఎత్తుకున్న ఒకామె కూడా చూసింది. ఏముందమ్మా అని పుష్పావతి అడిగింది.

"ఏముంటుంది, ఏదో ఫ్రీజర్ పెట్టె అద్దెకంట" అని ఆమె ఫోను బిడ్డ చేతికి ఆడుకోవడానికిచ్చింది. బిడ్డ దాన్ని నోట్లో పెట్టుకుంది. బస్సులో ఎవరి ముఖంలోనూ ఏ అసహ్యమూ లేదు. పుష్పావతి ఒక్కతే కిటికీ వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.